ఇంట్లో కుక్క చనిపోతే చిన్నపిల్లలకు ఏం చెప్పాలి? తరచుగా అడిగే ప్రశ్నలు

మాది విజయనగరం, అయ్యకోనేరు గట్టుకి దగ్గర్లో ఇల్లు. నేను చిన్న తరగతుల పిల్లలకు చదువు చెప్తాను. మా పెళ్ళయిన కొత్తలో ఒక వాన రోజు గేటు కింద నుంచి దూరి వచ్చిన కుక్కపిల్ల పదకొండేళ్ళు మా ఇంట్లోనే ఉండిపోయింది. ఒళ్ళంతా జున్ను రంగు, అందుకని పేరూ జున్నే. మేమెప్పుడూ వాణ్ని "అది" అనలేదు, ఇక్కడా అనను. పోయిన ఏడాది వానాకాలంలో వాడు చనిపోయాడు. అప్పటికి పాపకి ఏడేళ్ళు, బాబుకి నాలుగేళ్ళు.

ఆ తర్వాత మా బడి పిల్లల తల్లులు, మా వీధివాళ్ళు, చుట్టాలు ఇలాంటి కష్టమే వచ్చినప్పుడు నన్ను అడుగుతూ వచ్చారు. అందరూ అడిగేవి దాదాపు అవే ప్రశ్నలు. అందుకే అన్నీ ఒకచోట రాస్తున్నాను. కుక్క పేరు చెప్పి రాసినా పిల్లికి, లవ్ బర్డ్స్‌కి, పెరట్లో పెరిగిన ఆవుదూడకి కూడా ఇందులో చాలా మాటలు వర్తిస్తాయి.

"చనిపోయింది" అని చెప్పాలా? "ఊరికి వెళ్ళింది" అంటే చాలదా?

చెప్పాలి. ఆ రోజే చెప్పాలి. ఇది నేను తప్పు చేసి తెలుసుకున్న మాట.

జున్ను రాత్రి రెండు గంటలప్పుడు పోయాడు. పిల్లలు మంచి నిద్రలో ఉన్నారు. మా ఆయన, మా మరిది కలిసి వాణ్ని నా పాత నూలు చీరలో చుట్టి, తెల్లవారకముందే నెల్లిమర్ల దగ్గర మా మామగారి పొలానికి తీసుకెళ్ళి, మామిడిచెట్టు పక్కన పూడ్చి వచ్చారు. పొద్దున్నే చిన్నోడు లేచి, వరండాలోకి వెళ్ళి చూసి "జున్నుగాడేడీ?" అన్నాడు. "పొలానికెళ్ళాడు నాన్నా" అని నా నోట వచ్చేసింది. పొలంలోనే ఉన్నాడు కదా, అబద్ధం కాదులే అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

వాడు నమ్మాడు. ఆ సాయంత్రం నుంచి చపాతీలో చివరి ముక్క తినకుండా తుంచి, ఒక స్టీలు డబ్బా మూతలో దాచడం మొదలుపెట్టాడు. ఆ మూత మంచం కింద పెట్టుకున్నాడు. నాలుగో రోజు నేను ఊడుస్తుంటే కనపడింది. వంకర తిరిగి ఎండిపోయిన ముక్కలు ఏడో ఎనిమిదో, వాటి చుట్టూ చీమల బారు. వాడు పరిగెత్తుకొచ్చి, "పారేయకమ్మా, జున్నుగాడివి. ఇన్ని అయ్యాయి, ఇంక రమ్మను" అన్నాడు.

ఆ రోజే ఇంకో సంగతి బయటపడింది. పాపకి మొదటిరోజే తెలుసు. నేను మా అక్కతో ఫోన్లో ఏడుస్తూ చెప్తుంటే తలుపు వెనక నుంచి విందట. ఇది ఎవరితోనూ అనకూడని విషయం కాబోలు అనుకుని, నాలుగు రోజులూ ఒక్కతే మనసులో పెట్టుకుని, బడికి వెళ్ళి వచ్చి, హోంవర్క్ చేసుకుని పడుకుంది. ఏడేళ్ళ పిల్ల. ఆ మాట తలుచుకుంటే నాకు ఇప్పటికీ గొంతు పట్టేస్తుంది.

పిల్లలకి నిజం బరువే. కానీ మనం దాచిపెట్టినప్పుడు ఆ బరువు తగ్గదు, మోయడానికి పక్కన మనం లేకుండా పోతాం, అంతే.

సరే, చెప్తాం. ఏ మాటల్లో చెప్పాలి?

చిన్న వాక్యాల్లో, ఉన్నది ఉన్నట్టు. నేను చివరికి చెప్పింది ఇది: "జున్ను చనిపోయాడు. వాడికి బాగా జబ్బు చేసింది. డాక్టరుగారు మందులిచ్చారు, మనమూ చూసుకున్నాం, కానీ తగ్గలేదు. చనిపోవడం అంటే వాడి గుండె ఇంక కొట్టుకోదు, ఊపిరి ఆడదు. ఆకలి వేయదు, నొప్పి పుట్టదు. మళ్ళీ లేవడు. మనందరికీ బాధగా ఉంది."

"నిద్రపోయాడు" అని మాత్రం అనకండి. మా వీధిలో ఒకావిడ వాళ్ళ పాపకి పిల్లి గురించి అలాగే చెప్పారు. ఆ పిల్ల వారం రోజులు పడుకోనని ఏడ్చింది. వాళ్ళ నాన్న మధ్యాహ్నం కునుకు తీస్తుంటే వెళ్ళి కనురెప్పలు వేళ్ళతో తెరిచి చూసేది. "దేవుడికి నచ్చి తీసుకెళ్ళిపోయాడు" అన్నా అలాంటి చిక్కే. దేవుడికి రేపు అమ్మ నచ్చితే? పిల్లలు మన మాటని అక్షరాలా తీసుకుంటారు.

"జబ్బు చేసింది" అన్నప్పుడు "చాలా పెద్ద జబ్బు, మనకి వచ్చే జలుబు, జ్వరంలాంటిది కాదు" అని కలపండి. లేకపోతే తర్వాత వాళ్ళకి ఒళ్ళు వెచ్చబడిన ప్రతిసారీ టెన్షన్ పడతారు.

నాలుగేళ్ళ బాబు రోజూ "ఎప్పుడొస్తాడు?" అనే అడుగుతున్నాడు. చెప్పింది అర్థం కాలేదా?

ఆ వయసుకి పూర్తిగా అర్థం కాదు. ఐదేళ్ళ లోపు పిల్లలకి చావు అంటే ఎక్కడికో వెళ్ళి తిరిగి రావడం లాంటిదే. కార్టూన్లో పడ్డవాడు లేచి పరిగెత్తుతాడు కదా, అలాగే అనుకుంటారు. ఐదు, ఏడేళ్ళ మధ్యలో మెల్లగా "ఇంక రాడు" అన్నది ఎక్కుతుంది. తొమ్మిది, పదేళ్ళు వచ్చేసరికి ఇది అందరికీ వచ్చేదే అని కూడా తెలుస్తుంది. అప్పుడు ప్రశ్నలు మన మీదకి, మామ్మ మీదకి, తాత మీదకి మళ్ళుతాయి.

అడిగిన ప్రతిసారీ అదే జవాబు, అవే మాటల్లో, విసుక్కోకుండా చెప్పండి. మాట మారిస్తే వాళ్ళు మళ్ళీ మొదటికొస్తారు. మా చిన్నోడు దాదాపు నెలన్నర అడిగాడు. కుక్కర్ విజిల్ వేస్తున్నప్పుడు, స్నానం మధ్యలో, ఒకసారి గంటస్తంభం దగ్గర బండి మీద వెళ్తుంటే వెనక నుంచి గట్టిగా. ఒకరోజు వాడే "జున్ను రాడు కదమ్మా" అన్నాడు. అది కూడా ప్రశ్నే. "రాడు నాన్నా" అన్నాను.

మా పాప అసలు ఏడవలేదు. ఆడుకుంటోంది కూడా. బాధ లేదా?

ఉంది. చిన్నపిల్లలు దుఃఖంలో మనలా గంటలకొద్దీ కూర్చోలేరు. ఐదు నిమిషాలు ఏడుస్తారు, బాల్ కనపడితే లేచిపోతారు, రాత్రి అన్నం దగ్గర మళ్ళీ గుర్తొస్తుంది. చావు ఆట కూడా ఆడతారు. మా ఇద్దరూ బొమ్మకుక్కని తువ్వాలులో చుట్టి తులసికోట వెనక ఉత్తుత్తిగా పూడ్చి, నీళ్ళు చల్లి, మళ్ళీ తీసి, మళ్ళీ పూడ్చారు. మా అత్తయ్యకి అది చూసి భయం వేసింది, అశుభం అని ఆపబోయారు. ఆపొద్దని బతిమాలుకున్నాను. మనం నలుగురితో చెప్పుకుని తేలికపడే బాధని వాళ్ళు ఆడుకుని తేలికపరుచుకుంటారు.

"నా వల్లే చచ్చిపోయిందా?" అని అడిగితే?

ఈ ప్రశ్న మీ పిల్లలు అడగకపోయినా వాళ్ళ మనసులో ఉందనే అనుకోండి. మా పాప పదో రోజు అడిగింది, అదీ సూటిగా కాదు. దోమతెర లోపల, లైటు ఆర్పాక, గోడవైపు తిరిగి పడుకుని, "అమ్మా, సున్నుండ తింటే కుక్కలు చచ్చిపోతాయా?" అంది.

సంగతేమిటంటే, జున్ను తిండి మానేయడానికి ముందు రోజు పాప తన సున్నుండలో సగం వాడికి పెట్టిందట. నేను చూడలేదు. ఆ సగం సున్నుండని పది రోజులుగా మనసులో పెట్టుకుని ఉంది. నేను మళ్ళీ లైటు వేశాను. వాడికి వచ్చింది గోమార్ల (కుక్క ఒంటికి పట్టి రక్తం తాగే పురుగుల) వల్ల వచ్చే జ్వరమని, గోమారి కుట్టినప్పుడు రక్తంలోకి సూక్ష్మజీవి పోతుందని, మొదట చిగుళ్ళు పాలిపోయాయని, ఆ జబ్బు సున్నుండకి చాలా రోజుల ముందే మొదలైందని, వాడి రక్తపరీక్ష కాగితం తీసి చూపించి మరీ చెప్పాను. కాగితం మీద అంకెలు దానికి అర్థం కాలేదు, కానీ కాగితం ఉందన్నది అర్థమైంది. "అంటే సున్నుండ వాడికి నచ్చిందా?" అని అడిగింది. "నీ వేళ్ళు కూడా నాకి ఉంటాడే" అన్నాను. అప్పుడు ఏడ్చింది, మొదటిసారి.

ఒకవేళ నిజంగానే పిల్లల పొరపాటు ఉంటే? గేటు తీసి వదిలేశారు, కుక్క రోడ్డు మీదకి వెళ్ళి బండి కింద పడింది అనుకోండి. "గేటు తీసి ఉండటం నిజమే. కానీ గేటు చూసుకోవాల్సింది పెద్దవాళ్ళం, చిన్నపిల్లలు కాదు" అని చెప్పండి. ఎప్పుడో కోపంలో కూడా ఆ గేటు మాట ఎత్తిపొడవకండి.

మాట వచ్చింది కాబట్టి చెప్తున్నాను. చాక్లెట్, ద్రాక్ష, కిస్మిస్, ఉల్లిపాయ కుక్కలకి నిజంగానే చెడ్డవి. షుగర్ ఫ్రీ చూయింగ్ గమ్ మరీ ప్రమాదం. మనం వేసుకునే జ్వరం బిళ్ళ పిల్లులకైతే ప్రాణాంతకం, కుక్కలకీ డాక్టరు చెప్పకుండా వేయకూడదు. ఇవి పిల్లలకి ముందుగానే, మామూలు రోజుల్లోనే చెప్పి ఉంచాలి. పోయిన తర్వాత చెప్తే వాళ్ళు దాన్ని నేరం మోపినట్టుగానే వింటారు.

చనిపోయిన కుక్కని పిల్లలకి చూపించొచ్చా? పూడ్చే దగ్గరికి తీసుకెళ్ళొచ్చా?

వాళ్ళు చూస్తామంటే చూపించండి, వద్దంటే బలవంతం చేయకండి. ముందుగా ఎలా ఉంటుందో చెప్పండి: కదలడు, ఒళ్ళు చల్లగా, కాస్త బిగుసుకుని ఉంటుంది, కళ్ళు కొంచెం తెరిచి ఉండొచ్చు. ప్రమాదంలో బాగా దెబ్బతిని పోయినా, అంటువ్యాధి ఉన్నా, చీరతో కప్పేసి దూరం నుంచి చాలు.

మా పిల్లలకి ఆ అవకాశం లేకుండా చేశాం. అందుకే ఆ ఆదివారం ఇద్దర్నీ పొలానికి తీసుకెళ్ళాం. పెరట్లో మందారాలు కోసి పాప దోసిట్లో పెట్టుకుంది, దారి పొడవునా ఒక్కటీ కింద పడనివ్వలేదు. మామిడిచెట్టు పక్కన మట్టి ఇంకా ఎర్రగా, పచ్చిగా ఉంది. పైన ఒక బండరాయి. చిన్నోడు మోకాళ్ళ మీద కూర్చుని, వంగి, చెవి నేలకి ఆనించాడు. చాలాసేపు అలాగే ఉన్నాడు. లేచాక చెంపకి, చెవికి మట్టి. "వినపడట్లేదమ్మా" అన్నాడు. "వినపడదు నాన్నా, గుండె ఆగిపోయింది కదా" అన్నాను. అప్పుడు జేబులోంచి చపాతీ ముక్క తీసి రాయి పక్కన పెట్టాడు. ఆ రోజు తర్వాత మంచం కింద మూత పెట్టలేదు.

ఎక్కడ, ఎలా పూడ్చాలి?

సొంత స్థలం ఉంటే మూడు, నాలుగు అడుగుల లోతు గొయ్యి తీయాలి. అంతకంటే తక్కువైతే వానకి మట్టి కొట్టుకుపోతుంది, వీధికుక్కలు తవ్వేస్తాయి. బావికి, బోరుకి, చెరువు గట్టుకి దూరంగా ఉండాలి. ప్లాస్టిక్ సంచిలో కాదు, నూలు గుడ్డలో చుట్టాలి. గుడ్డ మట్టిలో కలిసిపోతుంది, ప్లాస్టిక్ కలవదు. అంటువ్యాధితో పోతే సున్నం చల్లి పూడ్చాలి, ముట్టుకునేవాళ్ళు చేతులకి గ్లౌజులు వేసుకోవాలి. పైన బరువైన రాయి ఒకటి పెట్టండి.

అపార్ట్‌మెంట్లో ఉండేవాళ్ళు మున్సిపాలిటీ శానిటేషన్ వాళ్ళని గానీ పశువుల ఆసుపత్రిలో గానీ అడగండి. చంపావతిలోనో, నాగావళిలోనో, చెరువులోనో పడేయడం, రోడ్డు పక్క చెత్తకుప్పలో వదిలేయడం చేయకండి. ఆ నీళ్ళు తాగే ఊళ్ళున్నాయి. పైగా అదే దారిలో రేపు మీ పిల్లలు బడికి వెళ్తారు.

కుక్క ఎందుకు చనిపోయిందో తెలియదు. ఈమధ్య పిల్లల్ని గీరింది, నాకింది. భయపడాలా?

ఇది మాత్రం ఆలోచిస్తూ కూర్చునే విషయం కాదు. కుక్క ఉన్నట్టుండి తీరు మారి, చొంగ కారుస్తూ, నీళ్ళు మింగలేక, ఊరికే మీదకొచ్చి, లేదా చీకటి మూలల్లో దాక్కుని కొద్ది రోజుల్లో చనిపోతే రేబిస్ అయి ఉండొచ్చు. పిల్లల్ని కరిచినా, గీరినా, దాని చొంగ పుండు మీద గానీ కంట్లో, నోట్లో గానీ పడినా అదే రోజు ఆసుపత్రికి వెళ్ళండి. ప్రభుత్వాసుపత్రుల్లో ఈ టీకా ఉచితంగా వేస్తారు.

గాయాన్ని ముందు ఇంట్లోనే సబ్బుతో, పారే నీళ్ళ కింద పదిహేను నిమిషాలు కడగాలి. కారం, సున్నం, పసుపు, కాఫీపొడి ఏవీ పెట్టకూడదు. మన ఊళ్ళలో ఈ అలవాటు ఇంకా పోలేదు. టీకాలు ఒక్క డోసుతో అయిపోవు, డాక్టరు రాసిచ్చిన తేదీలన్నీ పూర్తిచేయాలి. లోతుగా కరిస్తే గాయం దగ్గర వేరే ఇంజెక్షన్ కూడా ఇస్తారు. కరిచిన కుక్కని పది రోజులు గమనించమంటారు, అంటే టీకా మొదలుపెట్టకుండా పది రోజులు ఆగమని కాదు. కరిచిన కుక్క ఆ పది రోజుల్లోపే చనిపోతే టీకాలు మధ్యలో ఆపే ప్రసక్తే లేదు. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక బతకడం దాదాపు ఉండదు. ముందుగా టీకా పడితే రాకుండా ఆపవచ్చు. 1885 జూలై 6న పాశ్చర్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త తొమ్మిదేళ్ళ పిల్లాడికి మొదటిసారి ఈ టీకా వేశాడు, ఆ పిల్లాడు బతికాడు. ఏటా ఆ తేదీన మన పశువుల ఆసుపత్రుల్లో పెంపుడు కుక్కలకి ఉచితంగా రేబిస్ టీకాలు వేస్తారు. జున్నుని ప్రతి ఏడూ ఆ రోజే తీసుకెళ్ళేవాళ్ళం.

ఇంట్లో మైల ఉంటుందా?

మా ఇంట్లో పట్టలేదు. మా అత్తయ్య ఇల్లు కడిగించి, అందరికీ తలస్నానం చేయించి, సాయంత్రం దీపం పెట్టారు. మీ పెద్దవాళ్ళు ఎలా చెప్తే అలా చేయండి. ఈ విషయం మీద పిల్లల ముందు గొడవపడకండి.

స్వర్గానికి వెళ్ళిందా అని అడుగుతున్నారు. ఏం చెప్పాలి?

మీరు నమ్మేది చెప్పండి. నమ్మనిది చెప్తే పిల్లలు పట్టేస్తారు. మా మామ్మ (మా అత్తయ్యని పిల్లలు అలాగే పిలుస్తారు) ధర్మరాజు కథ చెప్పారు. చివరిదాకా వెంట వచ్చిన కుక్కని వదిలేసి స్వర్గానికి రానన్నాడు, ఆ కుక్క చివరికి యమధర్మరాజుగా కనిపించాడు అని. చిన్నోడి కళ్ళు పెద్దవయ్యాయి. "మరి మన జున్నుగాడూ యముడేనా?" అన్నాడు. ఆ రాత్రి వాడికి భయం పట్టుకుంటుందని నాకు కంగారు. మామ్మ మాత్రం తడుముకోలేదు. "ఓలమ్మ, ఆడు యముడేటి! ఆడు మన జున్నుగాడే. ఆ కుక్క ఏరు, మన కుక్క ఏరు. ధర్మరాజు మాత్రం మన లాటోడే, కుక్కని ఒగ్గలేనోడు" అన్నారు. అంతకంటే బాగా నేను చెప్పలేను.

మేం ఏడిస్తే పిల్లలు భయపడతారేమో?

మీరు ఏడవడం చూస్తే భయపడరు, ఎందుకు ఏడుస్తున్నారో చెప్పకపోతే భయపడతారు. "జున్ను గుర్తొచ్చాడు, ఏడుపొచ్చింది, కాసేపట్లో తగ్గుతుంది" అని చెప్పేయండి. మా ఆయన బాత్రూంలో ట్యాప్ తిప్పి ఏడ్చేవారు. ఒకరోజు పాప వెళ్ళి తలుపు కొట్టి "నాన్నా, బయటికొచ్చి ఏడువు" అంది.

"కుక్క కోసం ఇంత ఏడుపా?" అనే చుట్టాలకి ఏం చెప్పాలి?

మీరేం చెప్పనక్కర్లేదు. కానీ ఆ మాట పిల్లల ముందు అంటే ఆపండి. మా ఇంట్లో ఒకరు అలా అంటే మామ్మే అందుకున్నారు: "పదకొండేళ్ళు గుమ్మం కాసినోడు పోతే ఏడవరేటి?"

బడిలో టీచరుకి చెప్పాలా?

తప్పకుండా. ఒక చిన్న చీటీ గానీ ఫోన్ గానీ చాలు. తరగతిలో ఒక పిల్ల ఉన్నట్టుండి పక్కవాళ్ళని గిల్లుతుంటే, రాయడం మానేసి కిటికీ వైపు చూస్తుంటే, కారణం తెలియకపోతే మేం మందలిస్తాం. తెలిస్తే పక్కన కూర్చోబెట్టుకుంటాం.

కుక్కలు ఎందుకు అంత తక్కువ కాలం బతుకుతాయి?

మా పాప ఈ ప్రశ్న శ్రీకూర్మంలో వేసింది. దసరా సెలవుల్లో శ్రీకాకుళంలో మా అక్క ఇంటికి వెళ్ళి, అరసవల్లి దర్శనం చేసుకుని, అక్కడి నుంచి శ్రీకూర్మం వెళ్ళాం. గుళ్ళో నక్షత్ర తాబేళ్ళని చూసుంటారు కదా, డిప్పల మీద పసుపు గీతలతో, ఆకులు కొరుక్కుంటూ. ఒక పెద్ద తాబేలుని చూపించి, ఇవి ఎన్నో ఏళ్ళు బతుకుతాయి అని మా అక్క అనగానే పాప ముఖం చిన్నబుచ్చుకుంది. "దీనికి ఎవరితోనూ ఆడుకోవడం కూడా రాదు. దీనికి అన్నేళ్ళు ఎందుకు? జున్నుకి పదకొండే ఎందుకు?" అంది.

న్యాయం అడిగింది, దానికి నా దగ్గర జవాబు లేదు. ఒళ్ళు ఎలా పనిచేస్తుందో మాత్రం చెప్పగలిగాను. ఇంట్లో పెరిగే కుక్కలు మామూలుగా పది నుంచి పదమూడేళ్ళు, పెద్ద జాతి కుక్కలు అంతకన్నా తక్కువ, చిన్న సైజువి, మన ఊరకుక్కలు బాగా చూసుకుంటే ఇంకొంచెం ఎక్కువ బతుకుతాయి. ఏడాదికే కుక్కపిల్ల పెద్దదైపోతుంది. దాని ఒళ్ళు తొందరగా ఎదుగుతుంది, తొందరగా ముసలిదవుతుంది. తాబేలుకి అన్నీ నెమ్మదే. ఈ మాట విని పాప "జున్ను మాకంటే ముందు పుట్టి, మాకంటే ముందే తాతైపోయాడు" అని తమ్ముడికి చెప్పింది.

వాడి వస్తువులు తీసేయాలా, ఉంచాలా? గుర్తుగా ఏం చేయొచ్చు?

అన్నీ ఒకేసారి తీసేయకండి. ఒక పూటలో గొలుసు, గిన్నె, గోనెపట్టా మాయమైపోతే, మనిషైనా ఇలాగే తుడిచేస్తారా అనిపిస్తుంది పిల్లలకి. పిల్లల్నే అడగండి. మా పాప మెడపట్టీ కావాలంది, దానికి చిన్న మువ్వ ఉంది. దాన్ని తన పుస్తకాల సంచికి కట్టుకుంది. బడి గంట కొట్టగానే పరిగెత్తితే ఆ మువ్వ చప్పుడు మాకు రెండిళ్ళ ముందే వినపడుతుంది. చిన్నోడు సొట్టల గిన్నె కావాలన్నాడు. అందులో ఇప్పుడు కాకులకి నీళ్ళు పోస్తున్నాడు.

పడుకునే ముందు "జున్ను కబురు" చెప్పుకోవడం మాకు అలవాటైంది. రోజుకొకరు ఒక సంగతి. పాలవాడి సైకిల్ బెల్లుకి తప్ప మరే బెల్లుకీ మొరిగేవాడు కాదని ఒకరు, చేగోడీలు ఎత్తుకుపోయి తులసికోట వెనక దాచాడని ఇంకొకరు. వాడు చేసిన అల్లరి కూడా చెప్పాలి. మంచివే చెప్తే అది జున్ను కాదు, ఇంకెవరో.

సంక్రాంతికి పాప ముగ్గు మధ్యలో కుక్క అడుగులు వేసింది, గేటు దగ్గర నుంచి గడప దాకా, నాలుగు వేళ్ళతో అద్ది. ఫోన్లో ఉన్న ఫొటోల్లో ఓ పది ప్రింట్ తీయించండి. ఫోన్ పోతే అవీ పోతాయి. వీధి తలుపు కింద వాడు గీరిన గీతలున్నాయి. మొన్న రంగులు వేయించినప్పుడు ఆ రెండడుగుల మేర వదిలేయమన్నాం. పెయింటర్ రెండుసార్లు అడిగాడు, "ఇక్కడ నిజంగానే వద్దా అమ్మా?" అని.

వెంటనే కొత్త కుక్కపిల్లని తేవచ్చా? చిలకైతే?

ఏడుపు ఆపడానికి తేకండి. పోయినవాడి స్థానంలో మరొకడిని పెడితే సరిపోతుందని పిల్లలకి నేర్పినట్టవుతుంది. వచ్చిన పిల్లకీ అన్యాయమే, ప్రతిదానికీ పాతదానితో పోలికే. పిల్లలే కొత్త కుక్క మాట ఎత్తి, ఆ మాటలో పాతదాని పేరు లేని రోజు వస్తుంది. అప్పుడు ఆలోచించండి.

ఆగడానికి ఇంకో కారణం కూడా ఉంది. పోయింది పార్వో అనే అంటుజబ్బుతో అయితే ఆ వైరస్ నెలల తరబడి ఇంట్లో, పెరటి మట్టిలో బతికే ఉంటుంది. టీకాలు పడని పిల్లని తెస్తే అదే జబ్బు మళ్ళీ వస్తుంది. పిల్లలు రెండోసారి చూడాల్సిన చావు కాదది. కుక్కపిల్లకి ఆరు నుంచి ఎనిమిది వారాలప్పుడు మొదటి టీకా, తర్వాత మూడు, నాలుగు వారాలకొకటి చొప్పున నాలుగో నెల వరకు, మూడో నెలలో రేబిస్ టీకా వేయించాలి. నులిపురుగుల మందు, గోమార్ల మందు మర్చిపోవద్దు. జున్నుకి టీకాలన్నీ వేయించాం. గోమార్ల మందు మాత్రం ఆ వానాకాలం నేను ఆలస్యం చేశాను. తిండి మానేసిన మొదటి రోజే తీసుకెళ్ళి ఉంటే తగ్గే జబ్బు. మూడు రోజులు చూద్దాంలే అనుకున్నాం. మీ కుక్క తిండి మానేసి, ఒళ్ళు కాలుతూ, చిగుళ్ళు తెల్లబడితే ఒక్క రోజు కూడా ఆగొద్దు.

చిలక మాట. మన పచ్చ రామచిలకల్ని, నక్షత్ర తాబేళ్ళని ఇంట్లో పెంచడం 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం నేరం. సంతలో అమ్మినా కొనకండి.

ఎప్పుడు డాక్టరుకి చూపించాలి?

కొన్ని వారాలు గడిచినా సరిగ్గా తినకపోవడం, నిద్రలో ఉలిక్కిపడి లేవడం, పక్క తడపడం మళ్ళీ మొదలవడం, బడికి వెళ్ళనని రోజూ కడుపునొప్పి అనడం, ఎవరితోనూ ఆడకపోవడం తగ్గకపోతే పిల్లల డాక్టరుకి చూపించండి. "నేనూ చచ్చిపోయి వాడి దగ్గరికి వెళ్తా" అని పిల్లలు అంటే తేలిగ్గా తీసుకోకండి. చాలాసార్లు వాళ్ళ ఉద్దేశం వాణ్ని చూడాలని మాత్రమే. అయినా కూర్చోబెట్టి అడగండి, డాక్టరుతో చెప్పండి.

పిల్లలు ఎప్పటికి మర్చిపోతారు?

మర్చిపోవాలని నేను కోరుకోవడం లేదు. బాధ తగ్గుతుంది, అది వేరే సంగతి.

జున్నుకి డప్పులంటే, టపాకాయలంటే చచ్చేంత భయం. దీపావళికి సరే, పైడితల్లి అమ్మవారి పండగకి కూడా. సిరిమాను ఉత్సవానికి ముందు రోజు తొలేళ్ళ రాత్రి మా వీధిలోకి డప్పులు రాగానే మామ్మ మంచం కిందకి దూరిపోయేవాడు. వాడు పోయాక వచ్చిన మొదటి తొలేళ్ళు అది. చీకటి పడ్డాక మూడు లాంతర్ల కూడలి వైపు నుంచి చప్పుడు మొదలైంది. అన్నం తింటున్న చిన్నోడు ఎంగిలి చేత్తోనే లేచి, మామ్మ మంచం దగ్గరికి వెళ్ళి, వంగి కిందకి చూశాడు.

"జున్నుగాడుంటే ఇప్పుడిక్కడే కదా మామ్మా?"

"మరేటి! తోక కూడా కనపడనిచ్చీవోడు కాదు" అన్నారు మామ్మ.

వాడు వెళ్ళి చెయ్యి కడుక్కొచ్చి, మంచం పక్కన నేల మీద కూర్చున్నాడు. పాప కూడా వచ్చి కూర్చుంది. డప్పులు వీధి మలుపు తిరిగిందాకా ఇద్దరూ అక్కడే ఉన్నారు.